నలిగిన కాలు, ఒత్తిడి గది: ఒక చికిత్స నడిచిన దారి



కొన్నాళ్ల క్రితం రాత్రి పదకొండు గంటల వేళ మా అపార్ట్‌మెంటులోని ఒక యువకుడు ఫోన్ చేశాడు. "డాక్టరంకుల్, నిద్ర లేపానా? తమ్ముడి బండిని నానక్‌రామ్‌గూడ దగ్గర టిప్పర్ కొట్టింది. మోకాలి కింది ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. కట్టు కట్టారు, పొద్దున ఆపరేషన్ అంటున్నారు. కానీ వాడు నొప్పికి తట్టుకోలేకపోతున్నాడు. ఆక్సిజన్ గదిలో పడుకోబెడితే వాపు దిగుతుందని ఫోన్‌లో చూశాను. ఇక్కడినుంచి అక్కడికి తీసుకెళ్లమంటారా?"

ఆ రాత్రి నేను ఏమి చెప్పానో చివర చెబుతాను. ఎందుకంటే అతడు అడిగిన ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆ గదికి మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది. అందులో నిజమైన శాస్త్రమూ ఉన్నది, పచ్చి వ్యాపారమూ ఉన్నది. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం వైద్యులకే కష్టమైన సందర్భాలున్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో రోజూ రెండు చక్రాల బండ్ల మీద తిరిగే లక్షలమందికి, ఆకాశహర్మ్యాల నిర్మాణంలో పనిచేసే కూలీలకు ఈ ప్రశ్న ఏదో ఒక రాత్రి ఎదురు కావచ్చు. కనుక తీరికగా చెప్పుకుందాం.

ముందుగా నా జ్ఞాపకం ఒకటి. 1984 ప్రాంతంలో నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌ని. ఇప్పుడు సైబర్ టవర్స్ ఉన్న పరిసరాలు అప్పుడు గుట్టలు, సీతాఫలం పొదలు, రాళ్లు కొట్టే క్వారీలు. ఒక సాయంత్రం మాదాపూర్ అవతలి గుట్టల్లోనుంచి రాళ్ల లారీలోనే ఒక మనిషిని తీసుకొచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. ఉదయం పూట బండరాయి దొర్లి ఎడమ కాలి మీద పడింది. రాయిని కదిలించడానికి కొంతసేపు, బండి దొరకడానికి కొంతసేపు, దారిలో నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించుకోవడానికి కొంతసేపు, మొత్తం మీద మా బల్ల మీదికి వచ్చేసరికి ఎనిమిది గంటలు దాటింది. పాదం చల్లగా ఉన్నది. నాడి అందలేదు. చర్మం మీద పెద్ద గాయమేమీ లేదు. పిక్క మాత్రం ఎండిన కట్టెలా గట్టిపడి ఉన్నది. మా పెద్ద డాక్టరుగారు వేలితో నొక్కి చూసి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. మోకాలి పైన తీసివేశాము. మరునాడు అతని భార్య నన్ను వరండాలో ఆపి అడిగింది: "కాలు లేకుంటె రాయి ఎట్ల కొడ్తడు సారూ?" నలభై ఏళ్లు గడిచినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ కాలు పోవడానికి కారణం ఎముక విరగడం కాదు. ఎముకలు అతుకుతాయి. కండకు ప్రాణవాయువు అందక, గంటల వ్యవధిలో కండ చచ్చిపోవడమే కారణం. ఈ సంగతి సరిగా అర్థమైతేనే తక్కిన కథ అర్థమవుతుంది.

మన కాలి కండరాలు సాగని గట్టి పొరలు కప్పిన అరల్లో ఉంటాయి. కండ నలిగితే వాస్తుంది. చుట్టూ ఉన్న పొర సాగదు. లోపల ఒత్తిడి పెరిగి, ముందు సన్నని రక్తకేశనాళికలు మూసుకుంటాయి. రక్తం అందని కండ మరింత వాస్తుంది, ఆ వాపు ఒత్తిడిని మరింత పెంచుతుంది. దీనినే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాము. పెద్ద ధమని తెగకపోయినా, ఒక్కోసారి పాదం దగ్గర నాడి అందుతూనే ఉన్నా, లోపల కండ ఊపిరాడక చచ్చిపోతూ ఉంటుంది. రక్తం పూర్తిగా ఆగిన కండ సుమారు ఆరు గంటలకు మించి తట్టుకోలేదు. దీనికి మొదటి మందు కత్తి. ఆ పొరను పొడవునా చీల్చి ఒత్తిడి దించాలి. దానిని ఫేషియాటమీ అంటారు. దానికి బదులు మరేదీ లేదు.

ఇక ప్రాణవాయువు ఎక్కడ వస్తుంది? నూరు మిల్లీలీటర్ల రక్తం దాదాపు ఇరవై మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. అందులో దాదాపు అంతా ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ మోసేదే. రక్తంలోని నీటి భాగంలో, అంటే ప్లాస్మాలో, కరిగి ఉండేది 0.3 మిల్లీలీటరు మాత్రమే. సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ కూడలిలో నిలిచిపోయిన బస్సులను ఊహించుకోండి. సరుకంతా బస్సుల్లో ఉన్నది, బస్సు కదలదు. కానీ నడిచే మనిషి సందుల్లోంచి దూరి ముందుకు పోతాడు. వాచిన కండలో ఎర్రకణం ఆ బస్సు, ప్లాస్మా ఆ నడిచే మనిషి. ఆ మనిషి చేతిలో మరింత సరుకు పెట్టగలిగితే?

ఇక్కడ మనకు గోలీ సోడా సాయం వస్తుంది. ఒత్తిడి పెంచితే వాయువు నీటిలో ఎక్కువగా కరుగుతుంది. ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రం ఇది. మనిషిని గట్టి గదిలో ఉంచి, గది ఒత్తిడిని మామూలు వాతావరణ పీడనానికి మూడు రెట్లు చేసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే, ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ 0.3 నుంచి సుమారు 6 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం ప్రతి నూరు మిల్లీలీటర్ల రక్తం నుంచి తీసుకునేది కూడా దాదాపు అంతే. అంటే, లెక్క ప్రకారం, హిమోగ్లోబిన్ సాయం లేకుండానే కణం బతకగలదు. హైపర్‌బేరిక్ ఆక్సిజన్ చికిత్సకు మూలం ఈ ఒక్క లెక్కే.

అయితే ఈ లెక్క తెలియకముందే గదులు వచ్చాయి. వైద్యచరిత్రలో ఇలాంటి విడ్డూరాలు చాలా ఉన్నాయి. 1660ల్లో నథానియల్ హెన్షా అనే ఆంగ్ల వైద్యుడు మనుషులు కూర్చునే మూసిన గదిని, దానిలోకి గాలిని ఊదే పెద్ద కొలిమితిత్తులను ప్రతిపాదించాడు. ఆక్సిజన్ అనే వాయువు ఒకటున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు. మరో నూరేళ్లకు పైగా గడిచాక, 1774లో, జోసెఫ్ ప్రీస్ట్లీ దానిని వేరుచేసి తానే పీల్చి చూశాడు. ఈ గాలిలో కొవ్వొత్తి వేగంగా కరిగిపోయినట్లే మనిషి ప్రాణమూ త్వరగా ఖర్చయిపోతుందేమోనని ఆయనే సందేహించడం నాకు ఎంతో నచ్చిన విషయం. కనిపెట్టినవాడే జాగ్రత్త చెప్పడం అరుదు కదా!

పంతొమ్మిదవ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఐరోపా నగరాల్లో సంపీడిత గాలి స్నానాలు ఒక ఫ్యాషన్ అయిపోయాయి. ఫ్రాన్సులో జునో, ప్రావాజ్ వంటి వైద్యులు లోహపు గదులు కట్టించారు. ఉబ్బసం నుంచి చెవుడు దాకా అన్నిటికీ అదే మందు. రోగులు వెళ్లారు, డబ్బు కట్టారు, బాగున్నదన్నారు. ఎవరూ పోల్చి చూడలేదు.

అసలైన పాఠం స్నానశాలల్లో కాదు, వంతెనల పునాదుల్లో దొరికింది. నది అడుగున పునాది తవ్వాలంటే, అడుగు లేని పెద్ద పెట్టెను నీటిలో దించి, లోపలికి ఒత్తిడితో గాలి పంపి నీటిని బయటికి నెట్టి, ఆ ఒత్తిడిలో కూలీలు నిలబడి మట్టి తవ్వాలి. ఆ పెట్టెకు కైసన్ అని పేరు. మన దేశంలో హౌరా వంతెన పునాదుల్లోనూ ఇలా సంపీడిత గాలిలో పనిచేశారు. న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన పని 1870లో మొదలైనప్పుడు, పైకి వచ్చిన కూలీలు కీళ్ల నొప్పులతో వంకర్లు తిరిగిపోయేవారు. కొందరికి కాళ్లు పడిపోయాయి, కొందరు చనిపోయారు. ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో అదే జబ్బుతో మంచాన పడ్డాడు. 1883లో వంతెన పూర్తయ్యేవరకు ఆయన భార్య ఎమిలీ పనిని దగ్గరుండి నడిపించింది. కారణం మళ్లీ గోలీ సోడాయే. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, గోలీ నొక్కిన సోడాలా బుడగలు కడుతుంది. 1890 ప్రాంతంలో హడ్సన్ నది కింది సొరంగం దగ్గర ఎర్నెస్ట్ మోయిర్ అనే ఇంజనీరు జబ్బుపడిన కూలీలను తిరిగి ఒత్తిడిలో పెట్టి, మెల్లగా దించే గదిని ఏర్పాటు చేయగా మరణాలు బాగా తగ్గాయి. ఒత్తిడి గది వైద్యసాధనంగా నిలదొక్కుకున్నది కూలీల ప్రాణాల మీద అని మరచిపోకూడదు.

అంతకుముందే, 1878లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ మరో సంగతి నిరూపించాడు. ఒత్తిడిలో ఆక్సిజన్ మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి. ప్రాణవాయువు కూడా విషం కాగలదు. అందుకే చాలాకాలం ఒత్తిడి గదుల్లో మామూలు గాలినే వాడారు.

ఇక అమెరికా వైద్యుడు ఆర్వల్ కన్నింగ్‌హామ్ ఉదంతం. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో కాన్సస్ సిటీలో కొందరు రోగులు సంపీడిత గాలిలో తేరుకోవడం చూసి, ఆయన అన్ని జబ్బులకూ అదే మందని నమ్మాడు. మధుమేహం, సిఫిలిస్, క్యాన్సర్ అన్నీ ఆ గాలికి లొంగుతాయన్నాడు. కృతజ్ఞుడైన టిమ్‌కెన్ అనే పారిశ్రామికవేత్త డబ్బుతో 1928లో క్లీవ్‌లాండ్‌లో 64 అడుగుల వ్యాసం గల ఉక్కు గోళం లేచింది. లోపల అంతస్తులు, పడకగదులు, భోజనశాల. పది లక్షల డాలర్ల దాకా ఖర్చయిందంటారు. అమెరికా వైద్యసంఘం రుజువులు చూపమని పదేపదే అడిగింది. ఆయన చూపలేదు. గోళం మూతబడింది. 1942లో యుద్ధానికి ఇనుము కావాలని దానిని పగలగొట్టి తుక్కు కింద అమ్మేశారు. ఆ గోళం ఈ చికిత్సకు చేసిన చెరుపు పెద్దది. తరవాత ఎంతో కాలం వరకు ఒత్తిడి గది అనగానే గంభీరమైన వైద్యులు ముఖం చిట్లించేవారు.

ఆ మచ్చ పోగొట్టినవాడు హాలండు శస్త్రవైద్యుడు ఇటే బూరెమా. గుండె ఆపరేషన్ చేసేటప్పుడు రక్తప్రసరణ ఆగినా శరీరం మరికొంతసేపు తట్టుకునేలా చేయవచ్చునా అని ఆయన వెదికాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పందుల రక్తాన్ని తీసివేసి, ప్లాస్మా వంటి ద్రవం నింపి, హిమోగ్లోబిన్ దాదాపు శూన్యమైన స్థితిలో, మూడు రెట్ల ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చాడు. పందులు బతికాయి. తిరిగి రక్తం ఎక్కిస్తే మామూలుగా కోలుకున్నాయి. 1960లో ప్రచురించిన ఆ పత్రానికి ఆయన పెట్టిన పేరు "రక్తం లేని జీవితం". పైన నేను చెప్పిన లెక్క కాగితం మీది లెక్క కాదని అప్పుడు తేలింది. మరుసటి ఏడాదే ఆయన సహచరుడు బ్రుమ్మెల్‌క్యాంప్ గ్యాస్ గ్యాంగ్రీన్‌కు ఈ చికిత్సను ప్రయోగించి మంచి ఫలితాలు చూపాడు. గాలి సోకితే బతకలేని సూక్ష్మజీవి మీద ప్రాణవాయువునే ఆయుధం చేయడం అది.

మన విషయానికి నేరుగా సంబంధించిన సంఘటన కూడా అదే 1961లో, స్కాట్లాండులోని గ్లాస్గోలో జరిగింది. దాదాపు తెగి వేలాడుతున్న పాదాన్ని శస్త్రవైద్యులు తిరిగి అమర్చి, రోగిని రెండు రెట్ల ఒత్తిడిలో సుదీర్ఘకాలం ఆక్సిజన్‌లో ఉంచిన అనుభవాన్ని స్మిత్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. దెబ్బతిన్న అవయవానికి ఈ చికిత్స చేయడం గురించి వెలువడిన తొలి పత్రాల్లో అదొకటి. ఒక్క రోగి అనుభవం రుజువు కాదు. కానీ ఒక తలుపు తెరుచుకుంది.

తరవాతి రెండు మూడు దశాబ్దాల్లో జంతువుల మీద పరిశోధనలు సాగాయి. అమెరికాలో మైకేల్ స్ట్రాస్ బృందం కుక్కల కాళ్లలో కృత్రిమంగా కంపార్ట్‌మెంట్ ఒత్తిడి పెంచి, ఈ చికిత్స ఇస్తే చచ్చిపోయే కండ తగ్గుతున్నదని 1980ల్లో చూపింది. మరొక వింత కూడా బయటపడింది. అధిక ఆక్సిజన్‌కు రక్తనాళాలు ముడుచుకుని, రక్తప్రవాహం సుమారు ఐదోవంతు తగ్గుతుంది. ఊడ్చిపెట్టినట్లు వాపు తగ్గదు గానీ, పెరగడం నెమ్మదిస్తుంది. రక్తం తగ్గినా, దానిలోని ఆక్సిజన్ ఎన్నో రెట్లు పెరిగింది కనుక కండకు నష్టం లేదు. ఆగిన రక్తం తిరిగి ప్రవహించినప్పుడు తెల్లకణాలు నాళాల గోడలకు అతుక్కుని చేసే రెండో దెబ్బ ఒకటున్నది. దానిని కూడా ఈ చికిత్స తగ్గిస్తుందని 1990ల్లో ఎలుకల మీద జాంబోనీ బృందం గమనించింది.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన ఒకటి తేవాలి. ఊపిరికి సంబంధించిన వాదాన్ని ప్రయోగంతో తేల్చుకుందామని పట్టుబట్టిన ఊరు ఇది. క్లోరోఫాం మత్తుమందు గుండెను ఆపుతుందా, శ్వాసను ఆపుతుందా అనే వివాదం మీద రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888లో, తిరిగి 1889లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ ఇంత దూరం వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాసను గమనిస్తే చాలు, గుండెకు ప్రమాదం లేదని తేల్చారు. ఆ తీర్పు తప్పు. క్లోరోఫాం నేరుగా గుండె లయను చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్య పాఠశాల ఈ కమిషన్ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. మనం ఆ కథను గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ జంతువులో కనిపించినదంతా మనిషిలో నిజం కాదన్న రెండో సగాన్ని మింగేయకూడదు. కుక్కలు, ఎలుకల మీద ఫలితాలు చూపి వాదించేవారితో నేను ఈ కథే చెబుతాను.

మరి మనుషుల మీద రుజువు ఏమున్నది? చాలాకాలం ఏమీ లేదు. ఫ్రాన్సులోని ఆంజేలో బువషూర్ బృందం 1996లో తొలిసారిగా సరైన పరీక్ష ప్రకటించింది. నలిగిన అవయవాలతో వచ్చిన 36 మందిని చీటీలు తీసినట్లు రెండు భాగాలు చేశారు. శస్త్రచికిత్స అయిన 24 గంటల లోపే ఇలా విభజించారు. తరవాత 18 మందికి రెండున్నర రెట్ల ఒత్తిడిలో ఆక్సిజన్, రోజుకు రెండుసార్లు, తొంభై నిమిషాల చొప్పున, ఆరు రోజులు. తక్కిన 18 మందినీ అదే గదిలో కూర్చోబెట్టారు, అయితే నామమాత్రపు ఒత్తిడి, మామూలు గాలి. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, ఫలితం చూసేవారికీ తెలియదు. ఆక్సిజన్ పొందిన 18 మందిలో 17 మందికి గాయం పూర్తిగా మానింది. రెండవ భాగంలో 10 మందికి మానింది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు ఒకరు, ఆరుగురు.

గొప్పగా ఉన్నది కదా? నాకూ అనిపించింది. కానీ 36 మంది చాలా తక్కువ. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే చిత్రం మారిపోతుంది. 2013లో కాక్రేన్ సంస్థ సమీక్ష కూడా అప్పటికి ఉన్న ఆధారాలు చాలవన్నది.

పెద్ద పరీక్ష కోసం పాతికేళ్లు ఆగవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యుడు ఇయాన్ మిల్లర్ నాయకత్వంలో పలు దేశాల ఆసుపత్రులు కలిసి, పిక్క ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన 120 మందిని తీసుకున్నాయి. సగంమందికి మామూలు శస్త్రచికిత్స, తక్కిన సగానికి దానితోపాటు, దెబ్బ తగిలిన 48 గంటల లోపు మొదలుపెట్టి, ఒత్తిడి గదిలో ఆక్సిజన్. 2022లో ఫలితాలు వచ్చాయి. పదునాలుగు రోజుల్లో కండ చావడమో, చీము పట్టడమో జరిగినవారు ఆక్సిజన్ వర్గంలో 43 శాతం, రెండో వర్గంలో 58 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి తగినంత బలంగా లేదు. పరీక్ష ముందే పెట్టుకున్న ప్రధాన ప్రశ్నకు జవాబు "తేలలేదు" అన్నమాట. అయితే కండ చావడం ఒక్కటే చూస్తే 29 శాతం, 53 శాతం. ఇది చిన్న తేడా కాదు. ఎముక అతకడంలో ఆలస్యం వంటి తరవాతి చిక్కులు కూడా ఆక్సిజన్ వర్గంలో తక్కువ. ఒకటి రెండేళ్ల తరవాత వారి జీవనం కూడా కొంత మెరుగ్గా ఉన్నది.

కనుక నా తీర్పు ఇది. నలిగిన కాలి విషయంలో ఒత్తిడి గది బూటకం కాదు. అద్భుతమూ కాదు. తొలి ఒకటి రెండు రోజుల్లో, సరైన శస్త్రచికిత్స జరిగిన తరవాత, దగ్గరలో సిద్ధంగా ఉంటే, అంచున ఉన్న కండను కొంత కాపాడగల సహాయకారి. ఈ వాక్యంలోని ప్రతి షరతూ ముఖ్యమే. ఒక్కటి తీసేసినా అది ప్రకటన అయిపోతుంది.

ప్రకటనలకు కొదవలేదు. మన దేశంలో ఈ విద్య నౌకాదళం ద్వారా వచ్చింది. సముద్రంలో మునిగేవారికి, జలాంతర్గాములవారికి ఒత్తిడి గది ప్రాణావసరం. ముంబైలోని అశ్విని నౌకాదళ ఆసుపత్రి ఈ వైద్యానికి పాత కేంద్రం. జలాంతర్గామి శిక్షణ సంస్థ ఐఎన్ఎస్ శాతవాహన మన విశాఖపట్నంలోనే ఉన్నది. సైన్యం క్రమశిక్షణలో పెరిగిన ఆ గది ఇప్పుడు మహానగరాల సౌందర్యశాలల పక్కకు చేరింది. జుట్టు మొలుస్తుంది, వయసు తగ్గుతుంది, పిల్లల్లో ఆటిజం నయమవుతుందని చెప్పేవారున్నారు. అలాంటి మాటలు నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే ప్రజలను హెచ్చరించింది. గాలి నింపే మెత్తటి సంచి వంటి గదుల్లో ఒత్తిడి సుమారు 1.3 రెట్లు మాత్రమే. మనం ఇంతసేపూ చెప్పుకున్న పరీక్షలు వాటి మీద చేసినవి కావు. కన్నింగ్‌హామ్ ఉక్కు గోళాన్ని తుక్కు చేశారు గాని, అందులోని ఆశ తుక్కు కాలేదు.

ప్రమాదాలు కూడా ఉన్నాయి. ఆక్సిజన్ నిండిన చోట నిప్పురవ్వ చాలు. 1997 అక్టోబరులో ఇటలీలోని మిలన్‌లో ఒక ఎముకల ఆసుపత్రి ఒత్తిడి గదిలో నిప్పంటుకుని 11 మంది చనిపోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక కేంద్రంలో ఐదేళ్ల బాలుడు ఇలాగే ప్రాణం కోల్పోయాడు. రోడ్డు ప్రమాదం జరిగినవారికి మరో ముప్పు ప్రత్యేకం. ఛాతీకి దెబ్బ తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే, గది ఒత్తిడి దించేటప్పుడు ఆ గాలి వ్యాకోచించి ప్రాణం తీస్తుంది. ఛాతీ ఎక్స్‌రే చూడకుండా ప్రమాద బాధితుణ్ణి గదిలోకి పంపేవాడు వైద్యుడు కాడు.

ఒక్క మాట. ఆక్సిజన్ ఖరీదు ఎంతో 2021 వేసవిలో మనకు తెలిసింది. బేగంపేట విమానాశ్రయం నుంచి ఖాళీ ట్యాంకర్లను సైనిక విమానాల్లో ఒడిశాకు పంపి నింపుకొచ్చిన రోజులవి. తిరుపతి రుయా ఆసుపత్రిలో సరఫరా నిలిచిన కొద్ది నిమిషాల్లో ప్రాణాలు పోయాయి. ఆ వాయువును వయసు తగ్గించుకోవడానికి గంటల లెక్కన అమ్మడం చూస్తే నా వంటి పాతకాలపు ప్రభుత్వ వైద్యుడికి మనసు కలుక్కుమంటుంది.

మళ్లీ మన కారిడార్‌కు వద్దాం. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లు కొట్టిన గుట్టల మీద అద్దాల మేడలు లేచాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ ఇదే నగరంలో మొదలైంది. 1984లో నా రోగికి అది ఉండి ఉంటే లారీ ఎక్కవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు బండి నిమిషాల్లో వస్తుంది, మంచి శస్త్రవైద్యులున్నారు. అయినా కాళ్లు పోతూనే ఉన్నాయి. ఎందుకంటే పోయే సమయం ఇప్పుడు దారిలో కాదు, ఆసుపత్రి ఎంపికలో, ఫోన్లలో, సిఫార్సుల్లో పోతున్నది.

ఎవరికైనా కాలో చెయ్యో నలిగితే 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలిన సమయం కాగితం మీద రాసిపెట్టండి, తరవాత అందరూ మరిచిపోయేది అదే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. అవయవాన్ని ఉన్నది ఉన్నట్లుగా చెక్కతోనో అట్టతోనో కదలకుండా ఆనించండి. మర్దన చేయవద్దు, బిగించి కట్టవద్దు. వేలో పాదమో తెగిపోతే తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచునీటిలో ఉంచండి. మంచుగడ్డ నేరుగా తగలకూడదు. ఎముకలు, రక్తనాళాలు రెండూ చూడగల ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. కట్టు కట్టిన తరవాత నొప్పి మందుకు లొంగకుండా పెరుగుతుంటే, ఎవరైనా వేళ్లను మెల్లగా వంచితే రోగి కేకపెడితే, వేళ్లు తిమ్మిరెక్కితే, పొద్దున చూద్దామన్న మాటకు ఒప్పుకోవద్దు. ఆ క్షణాన పెద్ద డాక్టరును పిలిపించమని గట్టిగా అడగండి. మర్యాదగానే, కానీ గట్టిగా.

ఆ రాత్రి నేను అడిగినది కూడా ఇదే. "బాబూ, గది సంగతి తరవాత. నువ్వు ముందు తమ్ముడి బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకి వంచు." ఫోన్‌లోనే అరుపు వినిపించింది. "కదిలించకు, ఎక్కడికీ తీసుకెళ్లకు. నర్సమ్మతో ఇప్పుడే సర్జన్‌కు ఫోన్ చేయించు. కట్టు వదులు చేయమను. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనే మాట వాడు, వాళ్లకు అర్థమవుతుంది. అవసరమైతే నన్ను మాట్లాడించు." అర్ధరాత్రి దాటాక సర్జన్ వచ్చారు, చూశారు, గంటలోపే పిక్కకు రెండు వైపులా చీల్చి ఒత్తిడి దించారు. కొంత కండ అప్పటికే నల్లబడింది. తీసివేయవలసి వచ్చింది. ఆ ఆసుపత్రిలో ఒత్తిడి గది లేదు. తొడ చర్మం తీసి గాయానికి అతికారు.

మొన్న ఆదివారం ఆ అబ్బాయి లిఫ్ట్ దగ్గర కనిపించాడు. చేతికర్ర ఉన్నది, కొంచెం కుంటుతున్నాడు. "అంకుల్, అప్పుడే ఆ ఆక్సిజన్ గదికి వెళ్లి ఉంటే?" అని అడిగాడు. ఆపరేషన్‌కు ముందు వెళ్లి ఉంటే ఈ కాలు ఉండేది కాదన్నాను. ఆపరేషన్ తరవాత, ఆ ఆసుపత్రిలోనే గది ఉండి ఉంటే పంపమనేవాణ్ణి అన్నాను. అతను కాసేపు ఆలోచించి, లిఫ్ట్ వచ్చినా ఎక్కకుండా, మెట్ల వైపు నడిచాడు. ఫిజియోథెరపీ డాక్టరుగారు రోజుకు రెండు అంతస్తులు ఎక్కమన్నారట.